‘అంజి’ మళ్లీ చూశాను... చిన్నప్పుడు మనం చూసింది ఈ సినిమానేనా?

బెంచీ_టికెట్
మొన్న ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్లా. మేనల్లుడికి తొమ్మిదేళ్లు. ఎప్పుడు చూసినా ఫోన్‌లో ఏదో సూపర్‌హీరో గోల. "నా చిన్నప్పటి సినిమా ఒకటి చూపిస్తా, నువ్వు చూసేవన్నీ దీని ముందు దిగదుడుపే" అని కోతలు కోసి చిరంజీవి ‘అంజి’ పెట్టాను.

2004 సంక్రాంతికి మా చిన్న మావయ్య నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిన సినిమా అది. అప్పుడు నాకూ తొమ్మిదేళ్లే. ఆత్మలింగం మీదకి ఆకాశగంగ దిగుతుంటే పక్క సీట్లో ముసలావిడ చెప్పులు విడిచేసి దండం పెట్టింది. ఆవిణ్ణి చూసి నేనూ పెట్టా. ఒళ్లో ఉన్న వేరుశనక్కాయల పొట్లం కింద పడిపోయినా వంగి ఏరుకోలేదు. ఎక్కడ ఒక్క ముక్క మిస్సవుతానో అని.

ఇప్పుడు చూస్తే 1932 అంటూ మొదలైన ఆ మొదటి భాగం ఇంకా బాగుంది. మావాడు నోరు మెదపలేదు. ఆ తర్వాత సినిమా ఎటో వెళ్లిపోయింది. పాట, కామెడీ, ఫైటు, మళ్లీ పాట. రెండో పాటకి వాడు ఫోన్ తీశాడు. క్లైమాక్స్‌కి "మావయ్యా, ఆ నీళ్లు అతికించినట్టున్నాయేంటి?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మీలో ఈమధ్య ఎవరైనా చూశారా? సినిమా చెడిందా, నేను పెద్దవాణ్ణయ్యానా?

మిర్చిబజ్జీ_99
రెండూ.

ఖమ్మం_కుర్రోడు
అన్నా, పొరపాటు నీదే. చిన్నప్పటి సినిమాలు, చిన్నప్పటి క్రష్‌లు మళ్లీ చూడొద్దు.

గోదారి_గాలి
ఆడని సినిమా ఆడని సినిమానే. 2004లోనే జనం చెప్పేశారు. పిల్లలం కాబట్టి మనకి నచ్చింది. చిన్నప్పుడు నాకు సుద్దముక్క కూడా నచ్చేది, తినేదాన్ని.

లాజిక్_లక్ష్మి
గోదారి గారూ, ఆడకపోవడానికీ బాగోకపోవడానికీ సంబంధం లేదు. ఆ సంక్రాంతి ఒకసారి గుర్తు చేసుకోండి. జనవరి 14న ‘వర్షం’, అదే రోజు ‘లక్ష్మీనరసింహా’. ఇది 15న. అంతకు కొన్ని నెలల ముందే చిరంజీవి ‘ఠాగూర్’ చేశారు. అది చూసిన ఊపులో వెళ్లినవాళ్లకి లింగం, గంగ, నలుగురు అనాథ పిల్లలు కనిపిస్తే ఏం చేస్తారు? మా అన్నయ్య బ్యాచ్ మొత్తం "ఠాగూర్-2" అనుకుని వెళ్లి మొహాలు వేలాడేసుకుని వచ్చారు.

గోదారి_గాలి
సరే, ఆడకపోవడానికి కారణాలున్నాయి. బాగుందని మాత్రం మీరూ అనలేదుగా? 🙂

లాజిక్_లక్ష్మి
అనలేదు. ఆలోచన బాగుంది. 72 ఏళ్లకి ఒక్కసారి ఆకాశగంగ ఆత్మలింగాన్ని తాకుతుంది, ఆ నీళ్లు తాగినవాడికి చావుండదు. 1932లో చేయి దాటిపోయింది, మళ్లీ 2004లోనే. తెలుగులో ఇంత శుభ్రమైన ఫాంటసీ పాయింట్ ఎన్ని సినిమాలకి ఉంది చెప్పండి. ఒక్క వాక్యంలో చెప్తే ఐదేళ్ల పిల్లాడికీ అర్థమవుతుంది, డెబ్భై ఏళ్ల తాతయ్యకీ అర్థమవుతుంది.

బెంచీ_టికెట్
72 ఏళ్ల గురించి మావాడి డౌటు చెప్పడం మర్చిపోయా. "ఆ విలన్ అన్నేళ్లు ఊరికే ఆగాడా మావయ్యా? ఈలోపు వేరే పనేదైనా చూసుకోవచ్చుగా?"

మిర్చిబజ్జీ_99
😂😂 గ్రూప్-1కి ప్రిపేరయ్యే వాళ్ల ముందు ఆ ప్రశ్న అడగొద్దని చెప్పు.

అమీర్‌పేట_అద్దెగది
మిర్చి, పొద్దున్నే గుండెల్లో పొడిచావ్ కదరా.

పాత_ప్రొజెక్టర్
నేను మీ అందరికంటే పెద్దవాణ్ణి. ఆ సంక్రాంతికి గోదావరి జిల్లాలో ఓ చిన్న సెంటర్లో ఆపరేటర్ని. పేరెందుకులెండి, ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. ‘అంజి’ని రోజుకి నాలుగు ఆటలు వేశాను. బెంచీ బాబు అడిగినదానికి నాకు తెలిసిన సమాధానం ఒకటుంది.

మా దగ్గర అప్పటికీ కార్బన్లే. రెండు కడ్డీల మధ్య మంట వెలిగితే వచ్చే వెలుతురన్నమాట. కడ్డీ కాలే కొద్దీ దూరం సరిచేస్తూ ఉండాలి, లేకపోతే తెర పసుపెక్కుతుంది. పైగా తెర కొని ఎన్నేళ్లయిందో ఓనరుకే తెలీదు. జనం బీడీ పొగ వేరే. ఇన్ని దాటుకుని బొమ్మ తెర మీద పడేసరికి అంచులన్నీ మెత్తబడిపోయేవి. గంగ నీళ్లెక్కడ మొదలయ్యాయో, సెట్టెక్కడ ఆగిందో తేలేది కాదు. మీరు పిల్లలు చూసింది ఆ మెత్తటి బొమ్మ. ఇప్పుడు టీవీలో వచ్చేది కడిగి తుడిచి పదును పెట్టిన బొమ్మ. అతుకు కనపడక ఏమవుతుంది? మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. గంగ దిగేటప్పుడు హాలంతా దండాలు పెడుతుంటే నేను తెర కుడివైపు పై మూల చుక్క కోసం చూస్తుండేవాణ్ణి. రీలు అయిపోవస్తోందని గుర్తు అది. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటార్ ఆన్ చేయాలి, రెండో చుక్కకి మార్చాలి. ఒకసారి నేనూ దండం పెడుతూ చుక్క మిస్సయ్యా. తెర తెల్లబోయింది. "గంగ ఆవిరైపోయిందిరోయ్" అని కింద క్లాసు నుంచి ఒకటే ఈలలు.

బెంచీ_టికెట్
బాబాయ్, మీకు పాదాభివందనం. ఇరవై ఏళ్ల తర్వాత నా పరువు నిలబెట్టారు.

ఖమ్మం_కుర్రోడు
బాబాయ్ గారూ, ఆ నాలుగు ఆటల్లో పాటలన్నీ వేసేవాళ్లా? మా ఊళ్లో రెండో వారానికి సినిమా సగం అయ్యేది.

పాత_ప్రొజెక్టర్
చెప్పకూడదు కానీ చెప్తా. రెండో వారం ఓ పాట ఎత్తేశాం. ఎవరూ అడగలేదు.

లాజిక్_లక్ష్మి
చూశారా, ఈ సినిమాకి అసలు ఎడిటర్ మీరే!

మిర్చిబజ్జీ_99
ఏ పాట? ఏ పాట ఎత్తేశారు? నా పేరెందుకు ఇలా పెట్టుకున్నానో తెలుసా మీకు? రీమాసేన్ ‘మిరపకాయ బజ్జీ’ జోలికి వచ్చుంటే మాత్రం ఊరుకోను.

పాత_ప్రొజెక్టర్
అది ఎత్తేస్తే ఓనరు నన్ను ఎత్తేసేవాడు. అది కాదు.

రోటో_రాజు
మంచి టైమ్‌కి వచ్చా. నేను ‘అంజి’కి పనిచేయలేదు. కానీ 2006లో హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో రోటో డిపార్ట్‌మెంట్‌లో చేరా. కాబట్టి "అతికించినట్టుంది" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. మీ మేనల్లుడి మీద కాదు బ్రో, నా యవ్వనం మీద.

అప్పట్లో సినిమా నెగటివ్ మీద తీసేవాళ్లు. గ్రాఫిక్స్ కావాల్సిన ముక్కని స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేమ్ దాదాపు 12 ఎంబీ. సెకనుకి 24 ఫ్రేములు. అంటే ఒక్క సెకను బొమ్మకి 300 ఎంబీ దగ్గర. ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ హార్డ్‌డిస్క్ 40 జీబీ ఉంటే కాలరెగరేసేవాళ్లం. పనంతా అయ్యాక దాన్ని మళ్లీ ఫిల్మ్ మీదకి ఎక్కించాలి.

రోటో అంటే మనిషి చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ గీత గీయడం, వెనకాల ఉన్నది తీసేసి వేరేది పెట్టడానికి. మనిషి కదిలితే గీతా కదలాలి. ఐదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. చేరిన కొత్తలో ఒక హీరోయిన్ జుట్టు గాలికి ఎగిరే షాట్ ఇచ్చారు నాకు. మూడు రోజులు చేసి చూపిస్తే మా సీనియర్ "తమ్ముడూ, ఆమెకి గుండు కొట్టావేంట్రా" అన్నాడు.

నీళ్లు, నిప్పు, జుట్టు. ఈ మూడూ ఇప్పటికీ ఏడిపిస్తాయి. ఆ రోజుల్లో క్లైమాక్స్ మొత్తాన్ని నీళ్ల మీద పెట్టుకున్నారంటే అది ధైర్యమా, తెలియనితనమా అని మేం క్యాంటీన్‌లో వాదించుకునేవాళ్లం. ఆ ఏడాదికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు ఈ సినిమాకే వచ్చింది, అది మర్చిపోవద్దు.

గోదారి_గాలి
రాజు గారూ, కష్టం గురించి మాట్లాడితే ఎవరూ ఏమీ అనలేరు. కానీ ప్రేక్షకుడు టికెట్ కొనేది కష్టం చూడ్డానికి కాదు కదా. మా అమ్మ ఆరు గంటలు కష్టపడి మైసూర్‌పాక్ చేసింది ఒకసారి. సుత్తితో కొట్టాం.

రోటో_రాజు
హహ, ఒప్పుకుంటా. ఇంకో పాయింట్ చెప్తా, ఇది మీ వైపుకే పనికొస్తుంది. సినిమా ఏళ్ల తరబడి తీశారు. మొదలైంది తొంభైల చివర్లో. అప్పటికి మన దగ్గర అంత గ్రాఫిక్స్ పెట్టుకున్న సినిమాలు అరుదు. విడుదలయ్యేసరికి 2004. మధ్యలో ‘మమ్మీ’ వచ్చింది, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు భాగాలూ వచ్చేశాయి. పరుగు మొదలెట్టినప్పుడు ముందున్నాడు, గీత దాటేసరికి పక్క లైన్లవాళ్లు ఇంటికెళ్లి స్నానం కూడా చేశారు.

అమీర్‌పేట_అద్దెగది
ఆలస్యం అంటే గుర్తొచ్చింది. క్లైమాక్స్ కోసం చిరంజీవి ఒకే చొక్కా రెండేళ్లపాటు ఉతక్కుండా వేసుకున్నారని అంటారు కదా, కంటిన్యుటీ పోకూడదని.

మిర్చిబజ్జీ_99
మా హాస్టల్లో ఏ సినిమా లేకుండానే చేశాం.

అమీర్‌పేట_అద్దెగది
నా రూమ్మేట్‌కి దాని మీదే జాతీయ అవార్డు ఇవ్వాలి.

చిరు_భక్త_హనుమ
ఇక్కడ కొందరు పనిగట్టుకుని బాస్ సినిమాని దించుతున్నారు. అంత స్టార్‌డమ్ ఉన్న హీరో అన్నేళ్లు ఒక ప్రయోగానికి ఇచ్చారు. ఇప్పటి హీరోలు ఇస్తారా? ముందు ఆ మాట చెప్పండి.

లాజిక్_లక్ష్మి
హనుమ గారూ, నేనూ మీ పార్టీనే. బాధ కూడా అదే. అంత ఇచ్చినప్పుడు కథ కూడా అంతే ఇవ్వాలి కదా? చిరంజీవి డాన్సు, కామెడీ, ఫైటు లేకపోతే జనం రారేమో అన్న భయం సినిమా నిండా కనిపిస్తుంది. ఒక పక్క లోకంలో ఎవరికీ దొరకని లింగం, ఇంకో పక్క "అబ్బో నీయమ్మ గొప్పదే" పాట. రెండు సినిమాలు ఒకే టికెట్ మీద.

చిరు_భక్త_హనుమ
ఆ పాట స్టెప్పుల గురించి మాట్లాడితే గొడవైపోద్ది.

వేదిక_కాపలా
హీరోల గొడవ మొదలైతే థ్రెడ్ మూసేస్తా. పోయిన నెల బిర్యానీ థ్రెడ్‌కి ఏమైందో గుర్తుంది కదా.

సుజాత_టెక్సాస్
నేను ఇక్కడ ఎవరూ చెప్పని మాట చెప్తా. ఆ సినిమాలో నాకు ఇప్పుడు బాగా నచ్చినవాడు విలన్ భాటియా. టిన్నూ ఆనంద్ వేసిన వేషం. చిన్నప్పుడు జడుసుకున్నా. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే అక్కని లేపేదాన్ని.

పోయినేడు మా నాన్నగారు పోయారు. చివరి నెలల్లో ఇండియాలో ఆయన దగ్గరే ఉన్నా. ఒక మధ్యాహ్నం ఏదో చానెల్లో ఇది వస్తోంది. ఆయన మంచం మీద పడుకుని చూస్తున్నారు. భాటియా కనిపించగానే "పాపం వాడికి పోవాలని లేదే" అన్నారు. అంతే అన్నారు. తర్వాత నిద్రపోయారు. మిగతా విలన్లకి భూములు కావాలి, పదవులు కావాలి. వీడికి కావాల్సింది ఇంకొంచెం టైము. ఈ సినిమా నాకు మళ్లీ మామూలు సినిమాలా కనిపించదు.

పాత_ప్రొజెక్టర్
అమ్మా సుజాతా, మీ నాన్నగారు సరిగ్గా చూశారు.

బెంచీ_టికెట్
సుజాత గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివా. నాకు అడ్డుపడుతున్నది ఏంటో ఇప్పుడు తెలిసింది. 1932లో పోగొట్టుకున్నవాడు 2004 దాకా బతికున్నాడంటే నూరేళ్ల దగ్గర్లో ఉన్నాడు. ఈసారి పోతే మళ్లీ 2076. వాడికి ఇంకో వాయిదా లేదు. కథ మొత్తానికి అంత పెద్ద గడియారం గోడకి తగిలించి, మధ్యలో రెండు గంటలు దాని టిక్ టిక్ మనకి వినపడనివ్వలేదు! గ్రాఫిక్స్ కాదు, నన్ను బయటికి లాగేసింది ఇది. ఆ ముసలాడికున్న తొందర సినిమాకి లేదు.

లాజిక్_లక్ష్మి
ఇదీ పాయింటు. అందుకే ‘అరుంధతి’ పట్టు పట్టినట్టు ఇది పట్టదు. అదే దర్శకుడు కోడి రామకృష్ణ, అదే నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి. 1995లో ‘అమ్మోరు’, 2009లో ‘అరుంధతి’, నడిమధ్య ఇది. ఆ రెండింట్లోనూ ఒక ఆడమనిషికి ప్రాణం మీదకి వస్తుంది, గ్రాఫిక్స్ ఆమె వెనకాల నడుస్తాయి. ఇక్కడ గ్రాఫిక్స్ ముందు నడిచాయి, మనుషులు వెనకాల పరిగెత్తారు.

ఖమ్మం_కుర్రోడు
ఆ లెక్కన ‘దేవీపుత్రుడు’ని ఎక్కడ పెడతారు? అదీ కోడి రామకృష్ణదే, 2001. సముద్రం కింద ద్వారక! నా ఓటు దానికే. ఎవరూ పట్టించుకోరు ఆ సినిమాని.

గోదారి_గాలి
దానికి వేరే థ్రెడ్ పెట్టు బాబూ. ఒక్కో పోస్టుకి ఒక్కో సినిమా తవ్వితే మనం విఠలాచార్య దాకా వెళ్లిపోతాం.

పాత_ప్రొజెక్టర్
వెళ్తే తప్పేముంది? ‘జగన్మోహిని’కి జనం గోడలెక్కి దూకారు మా ఊళ్లో. దెయ్యం పొయ్యిలో కాళ్లు పెట్టి వంట చేస్తే ఎవరూ లాజిక్ అడగలేదు. విఠలాచార్య దగ్గర డబ్బులేదు, కెమెరాలోనే మాయ చేసేవాడు. ఫిల్మ్‌లో సగం మూసి ఒకసారి తీయడం, వెనక్కి తిప్పి ఆ మూసిన సగం మళ్లీ తీయడం. అదీ అతుకే. కాకపోతే అతుకు వేసినవాడు సిగ్గుపడలేదు కాబట్టి చూసేవాడూ పట్టించుకోలేదు.

రోటో_రాజు
బాబాయ్, "అతుకు వేసినవాడు సిగ్గుపడలేదు". ఈ మాట మా ఆఫీసు గోడ మీద రాయిస్తా.

మిర్చిబజ్జీ_99
2076 అన్నారు కదా, లెక్కేశా. అప్పటికి నాకు 77. టికెట్లు ఇప్పుడే బుక్ చేద్దామా? సీనియర్ సిటిజన్ రాయితీ ఉంటుంది.

అమీర్‌పేట_అద్దెగది
అప్పటికి నా నోటిఫికేషన్ వస్తుందా?

మిర్చిబజ్జీ_99
ఆకాశగంగ ముందొస్తుంది.

సుజాత_టెక్సాస్
మీ ఇద్దరూ ఉండగా ఎవరూ ఏడవలేరు ఇక్కడ 🙂

గోదారి_గాలి
నిన్న రాత్రి మీ అందరి గోల భరించలేక చూశా. రిపోర్టు: మొదటి ఇరవై నిమిషాలు ఒప్పుకుంటున్నా. నాగబాబు శివన్నగా బాగున్నాడు. ఈ మాట అంటానని ఎప్పుడూ అనుకోలేదు నేను. మణిశర్మ నేపథ్య సంగీతం లేకపోతే ఆ క్లైమాక్స్ నిలబడదు. ఒకసారి మ్యూట్ చేసి చూశా, బొమ్మ చప్పబడిపోయింది. సౌండ్ పెట్టగానే రోమాలు లేచాయి. కాబట్టి అప్పట్లో మన చేత దండం పెట్టించింది సగం మణిశర్మే. మధ్యలో గంటంబావు మాత్రం వద్దు. నేను ఆ టైములో గోంగూర ఒలుచుకున్నా.

లాజిక్_లక్ష్మి
గోదారి గారు దిగొచ్చారు! తేదీ రాసుకోండి.

గోదారి_గాలి
దిగిరాలేదు. ఒక మెట్టు దిగా. గోంగూర మాత్రం బాగా కుదిరింది.

చిరు_భక్త_హనుమ
మణిశర్మకి సగం ఇస్తే మిగతా సగం ఎవరికో చెప్పాల్సిన పనిలేదు.

వేదిక_కాపలా
హనుమ గారూ 👀

ఖమ్మం_కుర్రోడు
బెంచీ అన్నా, మీ మేనల్లుడికి చివరికి నచ్చిందా లేదా? అది చెప్పనేలేదు.

బెంచీ_టికెట్
నచ్చలేదనే అనుకున్నా. చివర్లో "ఓకే" అని లేచి వెళ్లిపోయాడు. నేను ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చేశా.

ఇవాళ పొద్దున అక్క ఫోన్. తిట్లతోనే మొదలుపెట్టింది. వీడు వంటింట్లోంచి రుబ్బురోలు పొత్రం దొర్లించుకుంటూ తీసుకెళ్లి బాత్‌రూమ్‌లో షవర్ కింద నిలబెట్టాడట. పొత్రానికి విభూది. లైటు ఆపేసి, చేతిలో టార్చ్. కింద ఇంటి పిల్లలిద్దర్ని పిలిచి కూర్చోబెట్టి, "72 సెకన్లకి ఒక్కసారే వస్తుంది" అని షవర్ తిప్పుతున్నాడట. అక్క తలుపు తీసేసరికి ముగ్గురూ తడిసి ముద్దయి ఉన్నారు. గచ్చు పగిలింది. ఆ ఖర్చు నాదేనట.

రోటో_రాజు
టార్చ్ ఎటు నుంచి వేశాడో కనుక్కో బ్రో. వెనక నుంచి వేస్తే నీళ్లు మెరుస్తాయి.

బెంచీ_టికెట్
అడిగా. వెనక నుంచే.

సుజాత_టెక్సాస్
నీళ్లు తాగారా?

బెంచీ_టికెట్
తాగారు. బోరు నీళ్లు. ముగ్గురికీ జలుబు.